గొంతులో పుట్టి వెన్నులో తేలే జబ్బు

నడుము నొప్పితో వచ్చిన ఇరవయ్యేళ్ళ కుర్రాణ్ణి డాక్టర్లు ఏం అడుగుతారో మనందరికీ తెలుసు. బరువేమన్నా ఎత్తావా, బైకు మీద దూరం పోయావా, ఎక్కడన్నా పడ్డావా, కంప్యూటరు ముందు ఎన్ని గంటలు కూర్చుంటావు. మూడు నాలుగు వారాల కిందట గొంతు నొప్పి వచ్చిందా అన్న ప్రశ్న ఆ వరసలో ఉండదు. ఉండకపోవడంలో తప్పు కూడా లేదు. నడుము నొప్పుల్లో అత్యధికం కండరాలు పట్టేయడం వల్ల వచ్చేవే, నాలుగు రోజులు జాగ్రత్తగా ఉంటే పోయేవే. కానీ ఆ కుర్రాడికి నొప్పితో పాటు జ్వరం ఉంటే, ఆ జ్వరానికి ముందు గొంతు పట్టేసి ఉంటే, మధ్యలో చలి పుట్టి వణికి ఉంటే, అడగాల్సిన మొదటి ప్రశ్న అదే అవుతుంది. ఎందుకంటే అప్పటికి గొంతు తగ్గిపోయి ఉంటుంది. తగ్గిపోయిన జబ్బు గురించి రోగి తనంతట తాను చెప్పడు.

గొంతులోని ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కి ప్రాణం మీదికి తెచ్చే ఒక జబ్బుకు వైద్యశాస్త్రంలో లెమియెర్ సిండ్రోమ్ అని పేరు. ఆంద్రే లెమియెర్ పారిస్‌లోని క్లాడ్ బెర్నార్డ్ ఆసుపత్రిలో అంటువ్యాధుల వైద్యుడు. ఆయన 1936లో లాన్సెట్ పత్రికలో 20 మంది రోగుల వివరాలతో ఒక వ్యాసం రాశాడు. ఆ 20 మందిలో 18 మంది చనిపోయారు. అప్పటికి పెన్సిలిన్ మనుషుల వాడకంలోకి రాలేదు. ఇలాంటి కేసులను అంతకు ముందే కొందరు గమనించారు గానీ, విడివిడిగా కనబడుతున్న లక్షణాలను ఒకే జబ్బుగా కూర్చి చూపిన ఖ్యాతి లెమియెర్‌కే దక్కింది. గొంతు నొప్పి వచ్చిన కొద్ది రోజులకు వణుకుతో జ్వరం, ఆ వెనక ఊపిరితిత్తుల్లో, కీళ్ళలో చీము. ఈ వరస చూసిన వైద్యుడు పొరబడడం దాదాపు అసాధ్యమని ఆయన ధీమా. తొంభై ఏళ్ళ తర్వాత చూస్తే ఆ ధీమా కాస్త ఎక్కువే అనిపిస్తుంది. ఇప్పుడు చాలామందిలో ఈ జబ్బు రోగి మంచం దగ్గర పట్టుబడదు. ల్యాబులో పెట్టిన రక్తం సీసాలో సూక్ష్మజీవి పెరిగాకగానీ డాక్టర్లకు అనుమానం రాదు.

ఆ సూక్ష్మజీవి పేరు ఫ్యూజోబాక్టీరియం నెక్రోఫోరమ్. ఆక్సిజన్ ఉన్న చోట అది బతకలేదు. గాలి పీల్చే దారిలోనే, మన గొంతులోనే, ఇలాంటిది ఎలా కాపురం చేస్తుందని ఆశ్చర్యం కలగవచ్చు. టాన్సిళ్ళ మీద లోతైన గుంటలుంటాయి. చిగుళ్ళకూ పళ్ళకూ మధ్య సందులుంటాయి. అక్కడ గాలి ఆడదు. పైగా చుట్టూ ఉన్న మిగతా బాక్టీరియా ఉన్న కాస్త ఆక్సిజన్నూ వాడేసుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న యువతీ యువకుల గొంతుల్లో కూడా ఇది కొంతమందిలో కనబడుతుంది, వాళ్ళకేమీ చేయదు.

మనుషుల డాక్టర్ల కంటే పశువుల డాక్టర్లకే ఇది పాత పరిచయం. జర్మన్ శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ లోఫ్లర్ 1884లోనే దీన్ని గొంతు జబ్బుతో చచ్చిపోతున్న దూడల్లో చూశాడు. పశువుల కాలేయంలో చీముగడ్డలకు, గొర్రెల గిట్టల మధ్య కుళ్ళుకు కారణమయ్యే బాక్టీరియాలో ఇదీ ఒకటి. వానాకాలంలో బురదలో నిలబడిన మంద కుంటడం మొదలుపెడితే అది దేనివల్లో మన గొర్రెల కాపరులకు ఒకరు చెప్పక్కర్లేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువగా ఉన్న మొదటి రెండు రాష్ట్రాలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్. అయితే కాపరులు భయపడాల్సిన పని లేదు. ఈ బాక్టీరియాలో రెండు ఉపజాతులున్నాయి. పశువులను ఎక్కువగా బాధించేది ఒకటి, మనుషుల గొంతులో దొరికేది మరొకటి. లెమియెర్ జబ్బు మంద నుంచి రాదు, సొంత గొంతులోంచే వస్తుంది.

గొంతులోంచి బయటపడటానికి దానికి ఒక సందు కావాలి. ఏదో వైరస్ వల్ల టాన్సిళ్ళు వాచి, వాటి పైపొర దెబ్బతిన్నప్పుడు ఆ సందు దొరుకుతుంది. టాన్సిల్ పక్కనే, దవడ కోణానికి లోపలివైపు, మెత్తటి కణజాలంతో నిండిన ఖాళీ ఒకటుంది. దాని వెనక ఒకే తొడుగులో మూడు ముఖ్యమైనవి కలిసి దిగుతాయి. మెదడుకు రక్తం తీసుకుపోయే ధమని, మెదడు నుంచి రక్తం వెనక్కి తెచ్చే జుగులార్ సిర, వీటితో పాటు ఒక పెద్ద నరం. ఈ మూడింట్లో సిర గోడ పల్చన, అందులో ప్రవాహం నిదానం. బాక్టీరియా ఆ సిర గోడను చేరితే అక్కడ వాపు వస్తుంది, రక్తం గడ్డకడుతుంది. ఫ్యూజోబాక్టీరియానికి ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అతికించే గుణం కూడా ఉంది. తెల్ల రక్తకణాలను చంపే విషం ఎటూ ఉంది. అలా కట్టిన గడ్డలో ఆక్సిజన్ ఉండదు, మందు సరిగా అందదు, రక్షక కణాలు చొరబడలేవు. బాక్టీరియాకు కావలసిందీ అదే.

ఈ దశలో రోగికి మెడ ఒక పక్క నొప్పి పెడుతుంది. దవడ కింద నుంచి మెడ కండరం వెంబడి పట్టినట్టుంటుంది, కొందరిలో వాపు చేతికి తెలుస్తుంది. చాలామంది దాన్ని గొంతు నొప్పి తాలూకు బిళ్ళ కట్టడమనుకుంటారు, లేదా తలగడ సరిగా లేక మెడ పట్టిందనుకుంటారు. గొంతు నొప్పి మొదలైన నాలుగైదు రోజుల నుంచి వారం లోపల, కొందరిలో ఇంకాస్త ఆలస్యంగా, అసలు జ్వరం మొదలవుతుంది. దుప్పటి మీద దుప్పటి కప్పినా ఆగని వణుకు, పళ్ళు టకటకలాడే చలి, ఆ తర్వాత ఒళ్ళు కాలిపోయే జ్వరం, ఆపై చెమటలు. సిరలోని గడ్డ నుంచి చీముతో నిండిన చిన్న చిన్న ముక్కలు తెగి రక్తంలో పడుతున్నాయని దీని అర్థం.

ఆ ముక్కలు ముందు పోయేది గుండె కుడి భాగానికి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు. అక్కడి సన్నటి నాళాల్లో ఇరుక్కుని, ఇరుక్కున్న చోటల్లా చిన్న చీముగడ్డ కడుతుంది. అందుకే ఈ జబ్బులో ఊపిరితిత్తులు దెబ్బతినడం అత్యంత సాధారణం. దగ్గు, ఊపిరి పీలిస్తే గుచ్చుకునే నొప్పి, స్కానింగులో రెండు వైపులా మచ్చలు, కొన్నిట్లో మధ్యన బోలు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి, కొందరిలో కాస్త పచ్చకామెర్లు కూడా కనబడతాయి.

ఇక్కడ మన ఊళ్ళ సంగతి చెప్పుకోవాలి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక కాలేజీ కుర్రాడు ఎక్కువ జ్వరంతో, ప్లేట్‌లెట్లు పడిపోయి వస్తే ఎవరికైనా ముందు డెంగీయే గుర్తుకొస్తుంది. వైడాల్ పరీక్షలో ఏదో ఒక అంకె రాకపోదు కనక టైఫాయిడ్ అని కూడా రాసేస్తారు. ఊపిరితిత్తుల్లో బోలు మచ్చలు కనబడితే టీబీ. ఈ అనుమానాల్లో ఏ ఒక్కటీ తెలివితక్కువది కాదు. మన దగ్గర ఇవి రోజూ చూసే జబ్బులు, లెమియెర్ జబ్బు వృత్తి జీవితం మొత్తంలో ఒకసారి ఎదురైనా గొప్పే. చిక్కంతా ఏమిటంటే, ఈ జబ్బు ఏ దశలో చూసినా మరింత మామూలు జబ్బులాగే ఉంటుంది. గొంతు దగ్గర జలుబులాగా, జ్వరం దగ్గర డెంగీలాగా, ఊపిరితిత్తుల దగ్గర టీబీలాగా. ఒక్కో దశను ఒక్కో డాక్టరు చూస్తే ఎవరి అంచనా వారికి సబబే. దశలను తేదీల వారీగా వరసగా పేర్చుకుని చూసిన వారికే అసలు జబ్బు కనబడుతుంది.

ఇక వెన్ను సంగతి. ఊపిరితిత్తులు దాటి ముందుకుపోయిన బాక్టీరియా గుండె ఎడమ భాగంలోంచి ఒళ్ళంతా పాకగలదు. కీళ్ళు, కాలేయం, ప్లీహం, అరుదుగా మెదడు. ఎముకలకు చేరేది తక్కువ మందిలో, అందులోనూ వెన్నుపూసలకు చేరేది మరీ తక్కువ మందిలో. వైద్యపత్రికల్లో ఇవి పెద్ద పెద్ద లెక్కలుగా కాక, ఒక్కో రోగి కథగా విడివిడిగానే వస్తుంటాయి.

వెన్నుపూస పైకి రాయిలా గట్టిగా కనబడినా లోపల స్పంజిలాంటి ఎముక, అందులో ఎర్ర మజ్జ, దాని నిండా నిదానంగా పారే రక్తం. పూసకూ పూసకూ మధ్య ఉండే డిస్కు ఇందుకు పూర్తిగా భిన్నం. పెద్దవాళ్ళ డిస్కులో రక్తనాళాలే ఉండవు. పైనా కిందా ఉన్న పూసల నుంచి ఊరే పోషణతోనే అది బతుకుతుంది. వెన్నుకు రక్తం తెచ్చే ధమని ఒక్కోటి చీలి, ఒక పూస కింది అంచుకూ, దాని కింది పూస పై అంచుకూ రక్తం ఇస్తుంది. కాబట్టి రక్తంలో కొట్టుకొచ్చిన బాక్టీరియా సాధారణంగా పక్కపక్కనున్న రెండు పూసల అంచుల్లో దిగుతుంది, మధ్యలో ఉన్న డిస్కు రెండు వైపుల నుంచీ దెబ్బతింటుంది. రక్తమే లేని డిస్కులో రక్షక కణాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఆక్సిజన్ అంటే గిట్టని బాక్టీరియాకు ఇంతకంటే అనువైన చోటు ఒంట్లో వెతికినా దొరకదు. ఎంఆర్‌ఐ చూసే డాక్టర్లకు ఇదొక మంచి ఆధారం కూడా. క్యాన్సర్ పూసలను తింటుంది గానీ మామూలుగా డిస్కు జోలికి పోదు. రెండు పూసలు, వాటి మధ్య డిస్కు కలిసి పాడయ్యాయంటే ముందు ఇన్ఫెక్షన్ అనుకోవాలి.

ధమని దారి ఒకటే కాదు, సిరల దారి కూడా ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పిన ఆస్కార్ బాట్సన్ 1940లో మృతదేహాల సిరల్లోకి రంగు ఎక్కించి చూశాడు. పొత్తికడుపు కింది భాగంలో ఎక్కించిన రంగు గుండె వైపు పోకుండా వెన్ను చుట్టూ ఉన్న సిరల అల్లికలోకి పోయింది. ప్రోస్టేట్ క్యాన్సర్ ఊపిరితిత్తులను వదిలి నేరుగా వెన్నుకు ఎలా పాకుతుందన్న పాత ప్రశ్నకు అక్కడ జవాబు దొరికింది. కాళ్ళ సిరల్లో రక్తం వెనక్కి రాకుండా కవాటాలుంటాయి. ఈ వెన్ను సిరల్లో అవి లేవు. తూములకు తలుపులు లేని కాలువలో వాలును బట్టి నీళ్ళు ఎటైనా పోయినట్టు, దగ్గినా ముక్కినా మారే ఒత్తిడిని బట్టి ఈ సిరల్లో రక్తం పైకీ పోతుంది, కిందికీ పోతుంది. ఈ అల్లిక నడుము నుంచి పుర్రె దాకా వెన్ను పొడవునా ఉంది, మెడ దగ్గర గొంతు వెనక సిరలతోనూ కలుస్తుంది.

గొంతుకూ మెడ పూసలకూ మధ్య దూరం అసలు ఎంతని? నోరు బాగా తెరిస్తే వెనక కనబడే గోడకు ఆనుకునే మెడ పూసలున్నాయి. చిన్నపిల్లల్లో ఆ గోడ వెనక చీము పడితే రక్తంతో పని లేకుండానే పక్కనున్న పూసలకు పాకే ప్రమాదముంది. ఇదే ఇరుగుపొరుగు వల్ల వచ్చే మరో విచిత్రమైన జబ్బు గ్రీజెల్ సిండ్రోమ్. గొంతు ఇన్ఫెక్షన్ తర్వాతో, టాన్సిల్ ఆపరేషన్ తర్వాతో పిల్లవాడి మెడ ఒక పక్కకు వంకరపోయి అలాగే ఉండిపోతుంది. వాపు వల్ల పై రెండు మెడ పూసలను పట్టి ఉంచే బంధనాలు వదులై, పూస తిరిగి పక్కకు జరుగుతుంది. చాలా సందర్భాల్లో మెడ పట్టేసిందనుకుని నూనె రాసి తోముతారు. తోమకూడని మెడ అది.

వెన్నులో చేరిన ఇన్ఫెక్షన్ తొందరపడదు. నొప్పి వారాల తరబడి మెల్లగా పెరుగుతుంది. కండరాల నొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఇది తగ్గదు, రాత్రిపూట మరీ ఎక్కువవుతుంది. వెన్ను మీద ఒకచోట వేలితో నొక్కితే ప్రాణం పోయినట్టుంటుంది. జ్వరం తప్పనిసరిగా ఉండాలని కూడా లేదు. వెన్నుపూసల ఇన్ఫెక్షన్లలో చాలామందికి నొప్పి ఒక్కటే ఉంటుంది, అందుకే జబ్బు తేలేసరికి నెలలు గడిచిపోవడం మామూలు. లెమియెర్ రోగుల్లో మరో గడబిడ ఉంది. రక్తంలోని ఇన్ఫెక్షన్‌కు వారం పది రోజులు మందులు పడి, జ్వరం తగ్గి, ఇంటికి వెళ్ళాక నడుము నొప్పి బయటపడుతుంది. ఆసుపత్రిలో అన్నాళ్ళు మంచాన పడుకున్నందువల్ల వచ్చిన నొప్పి అని అందరూ సర్దిచెప్పుకుంటారు.

ఎక్స్‌రే తీస్తారు, బాగానే ఉందంటారు. ఎముకలో ఉన్న ఖనిజంలో దాదాపు మూడో వంతు కరిగిపోతే తప్ప ఎక్స్‌రేలో తేడా కనబడదు, దానికి కొన్ని వారాలు పడుతుంది. ఎక్స్‌రే బాగుందన్న కాగితం పట్టుకుని ధైర్యంగా ఇంటికి పోవడం కంటే, అది ఏమీ చెప్పలేదనుకోవడం మేలు. ఎంఆర్‌ఐ చాలా ముందే పట్టేస్తుంది. జబ్బు మరీ తొలి రోజుల్లో ఉంటే ఒక్కోసారి ఎంఆర్‌ఐ కూడా తేల్చలేదు. అనుమానం బలంగా ఉంటే ఒకటి రెండు వారాల్లో మళ్ళీ తీయించాలి. సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ అనే మామూలు రక్తపరీక్షలు చవక. నడుము నొప్పితో పాటు ఇవి రెండూ బాగా పెరిగి ఉంటే ఆ నొప్పిని కండరాల మీదికి తోసేయకూడదు.

అన్నిటికంటే భయపడాల్సింది పూసల వెనక, వెన్నుపాము చుట్టూ ఉన్న సన్నటి సందులో చీము చేరడం గురించి. కాళ్ళు తిమ్మిరెక్కడం, నడిస్తే మడతపడిపోవడం, మూత్రం ఆగిపోవడం, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం, ఇందులో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగే వ్యవహారం కాదు. గంటల్లో ఆపరేషన్ చేసి చీము తీస్తే కాళ్ళు నిలుస్తాయి, ఆలస్యమైతే నిలవకపోవచ్చు.

మన దేశంలో ఎంఆర్‌ఐలో పూసలు పాడైనట్టు కనబడితే నోటికి వచ్చే మొదటి మాట టీబీ. 1779లో లండన్ సర్జన్ పెర్సివాల్ పాట్ వర్ణించిన ఆ జబ్బుకు ఇప్పటికీ ఆయన పేరే. ఎముకల టీబీలో దాదాపు సగం వెన్నుదే. కాబట్టి టీబీని ముందు అనుమానించడం న్యాయమే. పరీక్ష లేకుండా టీబీ మందులు మొదలుపెట్టి, ఏడాది దాకా వేయించడమే అన్యాయం. టీబీ బాక్టీరియాకు డిస్కును కరిగించే ఎంజైములు లేవు కనక తొలిదశలో డిస్కు కొంత మిగులుతుంది, మామూలు చీము పట్టించే బాక్టీరియా దాన్ని త్వరగా తినేస్తుంది. టీబీ నెలల తరబడి సాగుతుంది, సాయంత్రాలు కొద్దిపాటి జ్వరం, మనిషి చిక్కిపోవడం. ఇలాంటి గుర్తులు దారి చూపుతాయి గానీ తీర్పు చెప్పవు. టీబీ కాకపోతే మిగతావి చాలానే ఉన్నాయి. బాక్టీరియా వల్ల పట్టే వెన్ను ఇన్ఫెక్షన్లలో అన్నిటికంటే ముందుండేది చర్మం మీద గడ్డలు లేపే స్టెఫైలోకాకస్. పచ్చిపాల ద్వారా, పశువుల ద్వారా వచ్చే బ్రూసెల్లా, టైఫాయిడ్ బాక్టీరియా కూడా వెన్నుకు పాకుతాయి. ఏదో తేలాలంటే సీటీ స్కాన్ చూస్తూ సూదితో పూసలోంచి కాస్త ముక్కో చీమో తీసి పరీక్షించాల్సిందే.

ఆ సూది నమూనా విషయంలోనే మన ఫ్యూజోబాక్టీరియం చాలాసార్లు తప్పించుకుంటుంది. గాలి తగిలితే అది చచ్చిపోతుంది. తీసిన చీమును దూది పుల్లకు అద్ది, మామూలు గొట్టంలో పెట్టి, ఎండలో మరో ఊరి ల్యాబుకు పంపితే రిపోర్టులో ఏమీ పెరగలేదనే వస్తుంది. గాలి చేరకుండా సిరంజిలోనే మూసి వెంటనే పంపాలి, ఆక్సిజన్ లేని వాతావరణంలో పెంచే సదుపాయం ల్యాబులో ఉండాలి, కొన్ని రోజులు ఓపిక పట్టాలి. రక్తం తీసేటప్పుడు కూడా ఇలాంటి బాక్టీరియా కోసం వేరే సీసా ఉంటుంది. ఖర్చు కలిసొస్తుందని రెండో సీసా మానేసే చోట్ల ఈ జబ్బు దొరకదు. యాంటీబయాటిక్ పడ్డాక తీసిన రక్తంలోనూ కష్టమే. అలాంటప్పుడు బాక్టీరియా పెరగకపోయినా దాని జన్యుపదార్థాన్ని గుర్తుపట్టే పీసీఆర్ పరీక్ష ఆదుకుంటుంది.

మందుల దగ్గర ఒక చేదు నిజం ఉంది. గొంతు నొప్పి అనగానే మెడికల్ షాపులో చేతికిచ్చే మూడు మాత్రల పట్టీ అజిత్రోమైసిన్. 2019లో మన దేశపు ప్రైవేటు అమ్మకాల్లో అందరికంటే ఎక్కువగా వాడిన యాంటీబయాటిక్ మాత్ర అజిత్రోమైసిన్ 500 ఎంజీ అని 2022లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఫ్యూజోబాక్టీరియం మీద ఆ కోవ మందులు సరిగా పనిచేయవు. అంటే, అక్కర్లేని వైరస్ గొంతు నొప్పులకు ఈ మాత్రలు వేసుకుంటున్నాం. నిజంగా యాంటీబయాటిక్ కావలసిన ఈ అరుదైన రోగికి అవే మాత్రలు కొరగావు. మందు వేసుకున్నాం కదా అన్న భరోసా మాత్రం మిగులుతుంది.

పనిచేసే మందులు కొత్తవీ కావు, ఖరీదైనవీ కావు. పెన్సిలిన్ కుటుంబం మందు ఒకటి, దానికి తోడు మెట్రోనిడజోల్. విరేచనాల మాత్రగా ప్రతి ఇంటికీ తెలిసిన ఫ్లాజిల్ ఇదే. దీని కథ భలే ఉంటుంది. యోని స్రావానికి కారణమయ్యే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి మీదికి ఫ్రాన్స్‌లో తయారుచేసిన మందిది. ఆ మందు వాడుతున్న ఒక స్త్రీకి ఉన్న చిగుళ్ళ పుండ్లు కూడా మాయమయ్యాయి. ఆ సంగతిని షిన్ అనే దంతవైద్యుడు 1962లో లాన్సెట్‌లో రాశాడు. ఆ చిగుళ్ళ పుండ్ల వెనక ఉన్నవాటిలో ఫ్యూజోబాక్టీరియా కుటుంబమూ ఒకటి. ఆక్సిజన్ గిట్టని బాక్టీరియాకు మెట్రోనిడజోల్ బ్రహ్మాండంగా పనిచేస్తుందన్న సంగతి లోకానికి అలా తెలిసింది. నోటి ద్వారా వేసుకున్నా దాదాపు పూర్తిగా రక్తంలోకి చేరుతుంది, ఎముకలోకీ చీములోకీ బాగా దిగుతుంది. వెన్ను ఇన్ఫెక్షన్‌కు ఇంతకంటే ఏం కావాలి?

పెన్సిలిన్ వచ్చాక, ముఖ్యంగా ప్రతి గొంతు నొప్పికీ అది రాయడం అలవాటయ్యాక, లెమియెర్ జబ్బు కనుమరుగైంది. పుస్తకాల్లో దాన్ని మరచిపోయిన జబ్బుగా రాసుకున్నారు. 1990ల నుంచి యూరప్‌లో, అమెరికాలో మళ్ళీ అక్కడక్కడా కనబడసాగింది. గొంతు నొప్పులకు యాంటీబయాటిక్స్ తగ్గించడమే కారణమని కొందరి వాదన. పరీక్షలు మెరుగయ్యాయి కాబట్టి ఎక్కువ దొరుకుతున్నాయని మరికొందరి మాట. డెన్మార్క్‌లో 1998 నుంచి 2001 దాకా దేశం మొత్తం గాలిస్తే, 15 నుంచి 24 ఏళ్ళ వయసువాళ్ళలో ఏడాదికి పది లక్షల మందికి 14 మంది చొప్పున తేలారు. అంటే దాదాపు 70 వేల మందిలో ఒకరు. ఆ రోగుల్లో మరణాలు నూటికి తొమ్మిది. లెమియెర్ కాలంతో పోలిస్తే ఎంతో నయం, పాతికేళ్ళ లోపు పిల్లలకు మాత్రం చాలా ఎక్కువ.

అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ సెంటర్ బృందం 2015లో ఇంకో సంగతి బయటపెట్టింది. గొంతు నొప్పితో వచ్చిన విద్యార్థుల్లో ఐదో వంతు మంది గొంతుల్లో ఫ్యూజోబాక్టీరియం ఉంది. డాక్టర్లు వెతికే స్ట్రెప్టోకాకస్ అందులో సగం మందిలోనే దొరికింది. సెంటర్ దీన్ని పట్టుకుని, యువకుల గొంతు నొప్పిని తేలిగ్గా తీసుకోవద్దని గట్టిగా చెబుతూ వస్తున్నాడు. నాకు ఆయన హెచ్చరిక సబబుగానే తోస్తుంది, దాన్నుంచి ప్రతి గొంతు నొప్పికీ యాంటీబయాటిక్ అన్న నిర్ణయానికి దూకడం మాత్రం సబబు కాదు. ఏ నొప్పీ లేని విద్యార్థుల్లోనూ సుమారు పదో వంతు మందిలో అదే బాక్టీరియా కనబడింది. మందులకు లొంగని బాక్టీరియాతో ఇప్పటికే సతమతమవుతున్న దేశం మనది. 70 వేల మందిలో ఒకరి కోసం మిగతా అందరికీ మందు పోయడం మన వల్ల కాదు. ఆ ఒక్కరిని గుర్తుపట్టడం నేర్చుకోవడమే దారి.

గుర్తుపట్టడం అసాధ్యమేమీ కాదు. మామూలు గొంతు నొప్పి మూడు నుంచి ఐదు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. తగ్గకుండా పెరుగుతున్నా, తగ్గినట్టే తగ్గి వణుకుతో జ్వరం తిరగబెట్టినా, మెడ ఒక పక్కే వాచినా, రాత్రి చెమటలతో పక్క తడిసినా, ఊపిరి పీలిస్తే గుచ్చినా అది ఇక ఇంట్లో ఉప్పునీళ్ళు పుక్కిలించే జబ్బు కాదు, ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకునే జబ్బూ కాదు. ఆసుపత్రిలో రక్తం కల్చర్‌కు పంపి, మెడ సిరకు అల్ట్రాసౌండో సీటీయో చేస్తే గడ్డ ఉందో లేదో గంటలో తెలుస్తుంది. ఈ జబ్బు తేలిన వాళ్ళకు వారాలు గడిచాక కొత్తగా నడుము నొప్పి, మెడ నొప్పి మొదలైతే ఎంఆర్‌ఐకి వెనకాడకూడదు.

చికిత్స ఓపికతో కూడిన పని. వెన్నుపూసల ఇన్ఫెక్షన్‌కు ఎన్నాళ్ళు మందు వాడాలన్నది ఎప్పటినుంచో తెగని పేచీ. 2015లో ఫ్రాన్స్‌లో 351 మంది మీద జరిగిన పరిశీలనలో ఆరు వారాలు వాడినవాళ్ళూ, పన్నెండు వారాలు వాడినవాళ్ళూ నూటికి 90 మంది చొప్పున సమానంగా కోలుకున్నారు. ఆ అధ్యయనం మామూలు బాక్టీరియా గురించే అయినా, ఆరు వారాల లెక్క అప్పటి నుంచి స్థిరపడింది. చీము మిగిలి ఉంటే, డాక్టరుకు అనుమానముంటే పొడిగిస్తారు. మెడ సిరలోని గడ్డకు రక్తం పలచబరిచే మందులు ఇవ్వాలా వద్దా అన్న దాని మీద మాత్రం వైద్యులు ఇప్పటికీ ఒక మాట మీద లేరు. లెమియెర్ రోజుల్లో ఆ సిరనే ముడివేసి కట్టేసేవారు. ఇప్పుడు దాదాపు ఎవరికీ ఆ అవసరం రావడం లేదు. నెలల తరబడి మంచాన కట్టేసినట్టు పడుకోబెట్టడం కూడా పోయింది. నొప్పి తగ్గగానే బెల్టు పెట్టుకుని లేచి తిరగమంటారు. వెన్నుపాము నొక్కుకుపోతున్నా, పూసలు కూలి వెన్ను నిలకడ తప్పినా, మందులకు లొంగకపోయినా ఆపరేషన్.

కోలుకుంటున్న రోగిని అనవసరంగా బెదరగొట్టేది మళ్ళీ తీసిన ఎంఆర్‌ఐ. నొప్పి తగ్గి, సీఆర్‌పీ మామూలుకు దిగినా స్కానులో పూసలు ఇంకా ఎర్రబడ్డట్టే, ఒక్కోసారి మునుపటికంటే అధ్వాన్నంగా కనబడతాయి. ఎముక మానడం బొమ్మలో ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే అనుభవమున్న డాక్టర్లు స్కాను కంటే మనిషినీ, నొప్పినీ, సీఆర్‌పీనీ చూసి నిర్ణయిస్తారు. నెలలు గడిచాక కొందరిలో దెబ్బతిన్న డిస్కు చోట రెండు పూసలూ ఒకే ఎముకగా అతుక్కుంటాయి. ఆ ఒక్క కీలు దగ్గర వంగుడు పోతుంది. పైనా కిందా ఉన్న మిగతా కీళ్ళు ఆ పని పంచుకుంటాయి కనక, చెప్పులు తొడుక్కోవడానికి వంగినప్పుడు ఆ లోటు చాలామందికి తెలియదు.